అచ్చులమ్మ, తోకున్న ఏడంకె

అచ్చులమ్మ తన బావ మొహం చూసి దొంగ నంబరు ప్లేటు కొట్టిందనీ, అందుకే బండ్లు రిజిస్టరు చేసే ఆఫీసువాళ్ళు ఆమె సీలు లాక్కున్నారనీ మీరు వినే ఉంటారు. బస్సు డిపో దగ్గర టీ తాగేవాళ్ళలో సగం మంది ఇదే చెబుతారు. మిగతా సగం మంది, కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకి ఈవిడంటే గిట్టదంటారు. అచ్చులమ్మకీ వాళ్ళ అక్కకీ అప్పట్నుంచి మాటల్లేవని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళయితే పక్కన కూర్చుని చూసినట్టే చెబుతారు.

మూడూ అబద్ధాలే. ఆ ప్లేటు దొంగది కాదు. ఇన్‌స్పెక్టరమ్మ మంచి మనిషి. ఇక అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేశారంటే, వాళ్ళని ఒక్కసారి చూసినవాళ్ళెవరూ నమ్మరు. ఒకావిడ ఊపిరి తీసుకునేటప్పుడు రెండో ఆవిడ అందుకుంటుంది. వాళ్ళ మధ్య వచ్చే నిశ్శబ్దమల్లా అంతే.

జరిగింది వేరు. తప్పంటూ ఉంటే అది ఆ సందు మొత్తానిది. ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు. అతి ప్రేమ.

ఆ సందు డిపో వెనకాల ఉంటుంది. లోపలికి వెళ్ళడమే గాని అటు చివర దారి లేదు, డిపో ప్రహరీగోడ అడ్డం. పాత కార్లకి కావలసిన వైద్యమంతా అక్కడే. మొదట్లో రేడియేటర్ మేస్త్రి కొట్టు, తర్వాత సొట్టలు తీసేవాళ్ళ షెడ్డు, ఆ పక్కన సీటు కవర్లు కుట్టే ఆవిడ, చిట్టచివర నంబరు ప్లేట్లు చేసే అచ్చులమ్మ. పనున్నవాళ్ళు తప్ప కొత్త మొహం ఆ సందులోకి రాదు. కుక్కలు కూడా పాతవే.

అచ్చులమ్మది ఒంటి షట్టరు కొట్టు. అడుగు పెట్టగానే మోకాలికి తగిలేది చేతి ప్రెస్సు. నిలువెత్తు ఇనుప మర, పైన అడ్డంగా బరువైన పిడి. పిడి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే అచ్చు కిందికి దిగుతుంది, రేకు మీద అంకె ఉబ్బి పైకి వస్తుంది. గోడకున్న చెక్క అరల్లో ఆ అచ్చులు, అక్షరానికొకటి, అంకెకొకటి. సన్నగా ఉండేవి పాత రకం, మొద్దుగా ఉండేవి కొత్త రకం. కిటికీకి కట్టిన తీగ మీద, ఉతికి ఆరేసిన బట్టల్లా, రంగు తడి ఆరని ప్లేట్లు వేలాడుతుంటాయి. ఆ వాసన అలవాటు లేనివాళ్ళు తుమ్ముతూ బేరమాడతారు.

ఆ అచ్చుల వల్లే ఆవిడకి ఆ పేరు. ఒకసారి డిపో కండక్టరు ఒకాయన, చమత్కారం ఎక్కువ ఆయనకి, గుమ్మంలో నిలబడి, "మీరు అచ్చులైతే మరి హల్లులెవరండీ?" అని అడిగాడు.

ఆవిడ పని ఆపలేదు. లోపల రేకు కత్తిరించుకుంటున్న మొగుణ్ణి గడ్డంతో చూపించింది. "అదిగో, ఆయనే. నేను పక్కన లేకపోతే పలకలేడు."

ఆ హల్లుగారు తల కూడా ఎత్తలేదు. మీసం కింద నవ్వుకున్నాడంతే. మనిషి మంచివాడు, పనివాడు, మాట మాత్రం పొదుపు. రోజు మొత్తమ్మీద రెండు మూడు మాటలు రాలితే ఆ రోజు బాగా కులాసాగా ఉన్నట్టు లెక్క.

ఆ కొట్టు ఆవిడకి అత్తగారి నుంచి వచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వారం రోజులు వండి పెట్టిందట. ఎనిమిదో నాడు అత్తగారు కంచం పక్కకి జరిపి, "ఈ పిల్లకి చేతిలో రుచి లేదు గాని బలం ఉంది. ప్రెస్సు దగ్గర నిలబెడదాం, వంట నేను చూసుకుంటాను," అని తేల్చేసింది. అత్తాకోడళ్ళ తగువులకి అక్కడితో తెర పడింది. ఆవిడ పిడి తిప్పుతుంది, ఆయన రేకు కత్తిరించి రంగు వేస్తాడు. ఇప్పటికీ అంతే.

పాత కార్లవాళ్ళు వింత మనుషులు. పెళ్ళాం చీర రంగు అడిగితే చెప్పలేరు గాని బండి పుట్టినప్పటి బంపరు రంగు చెబుతారు. నంబరు ప్లేటు దగ్గరికి వచ్చేసరికి అందరికీ మోజులే. ఒకాయనకి నల్ల రేకు మీద వెండి అక్షరాలు కావాలి, పాత ఫొటోలో ఉన్నట్టు. ఇంకొకాయనకి బిళ్ళంత ప్లేటు కావాలి, పెద్దది పెడితే బండి అందం పోతుందట. మరొకాయన అక్షరాల మధ్య సందు మార్చి తన పేరులా కనిపించేట్టు కొట్టమంటాడు. అందరినీ ఆవిడ ఒకటే అడుగుతుంది.

"బండి ఎప్పుడు తయారైందండీ?"

"నేను కొన్నది..."

"మీరు కొన్నది కాదు, అది పుట్టింది."

ఎందుకంటే అక్కడి రూలు అలాంటిది. ఫలానా సంవత్సరానికి ముందు తయారైన బండ్లకి నల్ల ప్లేటు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత పుట్టినవాటికి, వెలుతురు పడితే మెరిసే తెల్ల ప్లేటే పెట్టాలి. బండి ఎంత ముసలిదానిలా కనిపించినా సరే. నల్ల ప్లేటుకి అర్హత ఉన్నవాటికి ఇంకో వెసులుబాటు కూడా ఉంది. అంకెలు పాత వాటంలోనే ఉండవచ్చు, సన్నగా, కాస్త వంపుగా. ఒక్కటే షరతు. చెప్పిన దూరం నుంచి మనిషి కంటికి తడబాటు లేకుండా ఆనాలి. బోల్టు అక్షరం మీద పడకూడదు, మూల మీద చేసినవాళ్ళ సీలు ఉండాలి.

ఆ సీలే కొట్టుకి ప్రాణం. బొటనవేలంత ఉక్కు ముక్క, ఆఫీసువాళ్ళు ఇచ్చింది. దానితో మూల మీద ఒక్క దెబ్బ వేస్తేనే ప్లేటు ప్లేటవుతుంది, లేకపోతే ఉత్త రేకు. సీలు వేసిన ప్లేటు తనిఖీలో తప్పిందంటే సీలు వెనక్కి తీసుకుంటారు. ఆవిడ దాన్ని మెడలో తాడుకి కట్టుకుని తిరిగేది. స్నానానికి వెళ్తే మొగుడి మెడలో వేసి వెళ్ళేది.

అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. సందు చివర, డిపో ప్రహరీగోడకి ఒక మేకు. తయారైన ప్లేటుని దానికి తగిలించి, సరిగ్గా ఆఫీసువాళ్ళు చెప్పిన దూరంలో పరిచిన నాపరాయి మీద నిలబడి, సందులో పోయేవాళ్ళని ఆపేది. "కాస్త ఆగి అదేమిటో చదివి పొండి." ముగ్గురు తడుముకోకుండా చదివితేనే సీలు. ఒక్కరు కళ్ళు చికిలించినా ప్లేటు వెనక్కే. చేతిలో పానా ఉన్నవాడూ, నెత్తిన టైరు ఉన్నవాడూ ఆగి చదివి పోయేవాళ్ళు. అన్నేళ్ళలో ఆ గోడ ఒప్పుకున్న ప్లేటుని ఆఫీసు కాదన్నది లేదు.

ఇక బావ సంగతి. ఆవిడ అక్క మొగుడు. టాక్సీ నడిపి నడిపి, మోకాళ్ళు మొరాయించాక మానేశాడు. ఆయన బండి తాబేలు వీపులాంటి కప్పున్న నల్ల కారు. ఆ సందులో పుట్టిన పిల్లల్లో సగం మంది ఆ కారులోనే ఆస్పత్రికి వెళ్ళారు. ఒక పిల్ల ఆస్పత్రి దాకా ఆగలేదు కూడా. కాలు విరిగినా, పరీక్షకి ఆలస్యమైనా, అందరి నోటా ఒకటే మాట: "నలభై ఏడు డెబ్బై రెండుని పిలవండి." బండి నంబరు అది. నాలుగు, రెండు ఏడులు, రెండు. బావకి ఓ పేరుందని చాలామందికి తెలియదు.

మానేసిన తర్వాత బండి షెడ్డులో మూలపడింది. చివరికి సందంతా కలిసి దాన్ని లేపారు. రేడియేటర్ మేస్త్రి గొట్టాలు మార్చాడు, షెడ్డువాళ్ళు సొట్టలు తీశారు, సీటు కవర్లావిడ పాత రంగు గుడ్డ ఎక్కణ్ణుంచో వెతికి తెచ్చి కుట్టింది. మిగిలింది ప్లేటు ఒక్కటే. అది బిగించి తనిఖీలో నెగ్గితే పాత బండ్ల కింద మళ్ళీ రోడ్డెక్కుతుంది. బావ పాత ప్లేటుని గుడ్డలో చుట్టుకుని, మనవడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మరదలి కొట్టుకి వచ్చాడు.

"మరదలా, అచ్చం ఇలాగే కావాలి. ఏడు దగ్గర తోక చూశావా, అది పోకూడదు."

ఆవిడ చూసింది. పాత ప్లేటు చేత్తో రాసింది. ఏడంకె కాలు కింద సన్నటి తోక కుడివైపుకి తిరిగి ఉంది. రెండు ఏడులకీ రెండు తోకలు.

"బావా, ఇది ఏడా, పిల్లి వెనక్కి తిరిగి కూర్చుందా?"

"నోరు జారకు. అది మీ అక్క రాత. పెళ్ళయిన కొత్తలో తన చేత్తో రాసింది. ఎంతమంది మెచ్చుకున్నారో తెలుసా."

"ఎవరు మెచ్చుకున్నారు, ముందు సీట్లో కూర్చున్న నువ్వేగా."

"నీ కొట్టులో కుదరకపోతే చెప్పు, ఇంకెక్కడైనా చేయించుకుంటా. మరదలి చేతిలో కాదు, పరాయి చేతిలో."

అదీ బావ దెబ్బ. మరదలికి తగలాల్సిన చోటే తగిలింది. అయినా ఆవిడ ఒప్పుకోలేదు. "కొట్టి చూస్తాను. గోడ ఒప్పుకుంటే సీలు వేస్తా. ఒప్పుకోకపోతే తోక కత్తిరిస్తా. నువ్వు మూతి ముడవకూడదు," అంది. బావ సరేనన్నాడు. మొగుడు రెండు రోజులు ఆకురాయితో అరగదీసి తోకున్న ఏడంకె అచ్చు ఒకటి తయారుచేశాడు. నల్ల రేకు మీద వెండి అంకెలు లేచాయి. నిజం చెప్పాలంటే చూడముచ్చటగానే ఉంది.

గోడకి తగిలించారు. రేడియేటర్ మేస్త్రి నాపరాయి మీద కాలు పెట్టీ పెట్టకముందే, "నలభై ఏడు డెబ్బై రెండు," అన్నాడు. షెడ్డులో ఒకతను సుత్తి ఆపకుండానే అన్నాడు. సీటు కవర్లావిడ గుమ్మంలోంచి తొంగి చూసి, "నలభై ఏడు డెబ్బై రెండు, అయ్యో, ఎంత బావుందో," అని కళ్ళు ఒత్తుకుంది. ముగ్గురు చాలన్నా వినకుండా సందులో ఉన్నవాళ్ళంతా వరసగా వచ్చి చదివిపోయారు. ఒక్కరు తడబడితే ఒట్టు. అచ్చులమ్మ నిశ్చింతగా మెడలోంచి తాడు తీసి సీలు వేసింది.

తనిఖీ ఆఫీసు వెనక మైదానంలో. ఇన్‌స్పెక్టరమ్మ వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. బ్రేకులు చూసింది, దీపాలు చూసింది, అన్నీ బాగున్నాయంది. తర్వాత దూరం కొలిచి నేల మీద గీసిన గీత దగ్గరికి వెళ్ళి నిలబడి ప్లేటు చదివింది.

"నాలుగు, రెండు, రెండు, రెండు."

బావ నవ్వాడు. "ఏడమ్మా అది. రెండు ఏడులు."

ఆవిడ మళ్ళీ చూసింది. పక్కనున్న గుమాస్తాని చదవమంది. అతను కళ్ళు చికిలించి, "నాలుగు, ఏడు... కాదు, రెండు... మధ్యలో ఏమిటో మేడమ్," అన్నాడు.

"చిన్నపిల్లాడైనా చెబుతాడమ్మా, అది ఏడని," అన్నాడు బావ.

"మీ ఇంటి చిన్నపిల్లాడైతే చెబుతాడు బాబాయ్‌గారూ. ఈ ప్లేటు మీవాళ్ళ కోసం కాదు కదా. రేపు బండి ఎవరినైనా గుద్ది వెళ్ళిపోతే, రోడ్డు మీద పడినవాడు చదవాలి."

బండిని పక్కన పెట్టించారు. సాయంత్రానికి ఆఫీసు మనిషి వచ్చి సీలు అడిగాడు. అచ్చులమ్మ తాడుతో సహా తీసి ఇచ్చింది. నిర్ణయమయ్యేదాకా ప్లేట్లు చేయకూడదు. నిర్ణయం తేడాగా వస్తే ఇక ఎప్పటికీ చేయకూడదు.

మీరు విన్న కబుర్లన్నీ పుట్టింది ఆ రోజుల్లోనే. షట్టరు సగం దించి ఉండేది. ఆవిడ ప్రెస్సు పక్కన ఉత్త చేతులతో కూర్చునేది. చేతికి పని లేకపోతే ఆవిడకి ఏం చేయాలో తెలియదు. పిడికి నూనె రాసేది, తుడిచేది, మళ్ళీ రాసేది. ఒక రోజు వంట కూడా చేసింది, పాపం మొగుడు మాట్లాడకుండా తిన్నాడు. ఆవిడని తొలిచేసింది సీలు పోవడం ఒక్కటే కాదు. గోడ తప్పు చెప్పడం. అన్నేళ్ళు నమ్ముకున్న గోడ.

"అంతమంది చదివారు. ఒక్కరికి కూడా రెండులా కనిపించలేదా? వాళ్ళంతా గుడ్డివాళ్ళా, ఆఫీసువాళ్ళు గుడ్డివాళ్ళా?" అని పదేపదే అనేది.

మూడో రోజో నాలుగో రోజో, రేకు ముక్కలు ఏరుకుంటున్న మొగుడు ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"సీటు కవర్లావిడ ఆ రోజు కళ్ళజోడు పెట్టుకోలేదు."

"అయితే?"

"జోడు లేకపోతే ఆవిడకి గోడే కనబడదు."

అంతే అన్నాడు. మళ్ళీ రేకు ముక్కలు ఏరుకోసాగాడు. అచ్చులమ్మ లేచి, ఒక పాత రేకుకి నల్ల రంగు వేసి ఆరబెట్టి, దాని మీద సుద్దముక్కతో పెద్దపెద్ద అంకెలు రాసింది. నాలుగు, తొమ్మిది, తొమ్మిది, రెండు. దాన్ని తీసుకెళ్ళి మేకుకి తగిలించి, రేడియేటర్ మేస్త్రిని పిలిచింది.

"మేస్త్రీ, కాస్త అది చదువు."

మేస్త్రి గోడ వైపు తిరిగాడు. "నలభై ఏడు డెబ్బై రెండు. ఎన్నిసార్లు చదివిస్తావమ్మా, నోరు అరిగిపోతోంది."

"సరిగ్గా చూసే చెబుతున్నావా?"

"చూడక? వెండిలా మెరుస్తుంటే."

సుద్దముక్క వెండిలా మెరుస్తోందట. సీటు కవర్లావిడ సూదిలో దారం ఎక్కిస్తూ, తల తిప్పకుండానే చదివేసింది. షెడ్డువాళ్ళు కోరస్‌గా చదివారు. ఒక్కరైనా తొమ్మిది అన్న పాపాన పోలేదు. అప్పుడు అచ్చులమ్మ అందరినీ గోడ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టింది. మేస్త్రి సుద్ద అంకెల్ని వేలితో తడిమి చూశాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"మరి ఆ బండి నంబరు నాకు తెలుసు కదమ్మా. తెలిసినదాన్ని మళ్ళీ చదవడమెందుకని..."

"నువ్వు ప్లేటు చదవలేదు మేస్త్రీ. బావని చదివావు."

సందంతా నవ్వింది. సీలు ఎందుకు పోయిందో అందరికీ అప్పుడు తెలిసింది. సీటు కవర్లావిడ గబగబా లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది, అప్పుడేం లాభం.

ఆ మాట బావ ఇంటికి కూడా చేరింది. మర్నాడు అక్క, బావ ఇద్దరూ కొట్టుకి వచ్చారు. బావ మొహం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. నా వల్లే నీ సీలు పోయిందంటాడు, ఆఫీసులో నేను కాళ్ళు పట్టుకుంటానంటాడు, అన్నీ అన్నాక చివర్లో మెల్లిగా, "కానీ ఆ తోక తీసేస్తే అది నా బండిలా ఉండదు. మీ అక్క రాత కదా," అంటాడు.

అప్పటిదాకా మాట్లాడని అక్క, అంటే ఆ రోజుకి ఆవిడ లెక్కలో చాలాసేపే, పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమండీ, అది రాత కాదండీ. జారుడు."

"జారుడేంటి?"

"నేను వంగి రాస్తుంటే మీరు లోపల కూర్చుని హారన్ కొట్టలేదూ? ఉలిక్కిపడ్డాను. బ్రష్ జారి తోక వచ్చింది. తుడిస్తే రంగంతా పాడైపోయేట్టుంది. ఒకదానికి ఉండి రెండోదానికి లేకపోతే మీరు కనిపెడతారని దానికీ గీశాను."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేంటే?" అన్నాడు బావ.

"ఎక్కినవాళ్ళందరికీ దింపి మరీ చూపించేవారు. మా ఆవిడ చేతిరాత, మా ఆవిడ చేతిరాత అని. ఏమని చెప్పను?"

"అక్కా, అయితే ఆ తోక నీది కాదు, బావదే," అంది అచ్చులమ్మ.

"అదే కదే. ఆయన తోక ఆయన్నే కత్తిరించుకోమను."

బావ అప్పుడు నవ్వాడు. సీలు పోయిన తర్వాత ఆ కొట్టులో వినిపించిన మొదటి మంచి నవ్వు అదే. ఏడంకె మామూలుగానే కొట్టమన్నాడు.

కానీ కొట్టాలంటే సీలు ఉండాలి కదా. పిలుపు వచ్చిన రోజున అచ్చులమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు, రంగు కారిందనో, రేకు వంగిందనో. ఆవిడకి అల్లడం చేతకాదు. గోడ గురించి, నాపరాయి గురించి, సుద్దముక్క తొమ్మిదుల గురించి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ మొదట్లో ముఖం గంభీరంగానే పెట్టుకుంది. మేస్త్రి "వెండిలా మెరుస్తుంటే" దగ్గరికి వచ్చేసరికి కలం కింద పెట్టేసింది.

"మీ గోడలో తప్పు లేదమ్మా. దానికి చుట్టరికాలు ఎక్కువయ్యాయి."

"అదేనండీ. పరాయివాళ్ళు కావాలి నాకు. మా సందులో దొరకరు."

"ఎక్కడ దొరుకుతారు?"

అచ్చులమ్మ ముందే ఆలోచించుకుని వెళ్ళింది. గోడకి ఇవతలే వెతుక్కుంటున్నారు గాని, అవతల ఉన్నది డిపో కదా. రోజూ ఎక్కడెక్కడి నుంచో బస్సులు వస్తాయి. దిగేవాళ్ళకి ఆ సందూ తెలియదు, ఆ బండ్లూ తెలియవు, ఆవిడ మొహమూ తెలియదు. బయటికి వచ్చే గేటు దగ్గర దూరం కొలిచి ప్లేటు కడితే సరి. డిపో మేనేజరుని అడిగింది కూడా. దారికి అడ్డం రాకపోతే చాలన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ సీలు ఇచ్చింది, కాని షరతు మీద. ఈ సంవత్సరం ఆఖరుదాకా ప్రతి ప్లేటూ పరాయివాళ్ళ చేత చదివించాలి. మధ్యలో తనకి వీలైనప్పుడు చెప్పకుండా వచ్చి చూస్తుంది. ఆలోగా ఒక్క ప్లేటు తప్పినా సీలు శాశ్వతంగా పోతుంది. తప్పకపోతే శాశ్వతంగా ఉంటుంది. బయటికి వచ్చాక మొగుడు తాడుకి ముడి వేసి ఆవిడ మెడలో వేశాడు. వేస్తూ, "గట్టిగానే వేశాను," అన్నాడు. ఆ రోజుకి అదే ఎక్కువ మాట.

బావ కొత్త ప్లేటు గేటు దగ్గర మొదటిసారి కట్టిన రోజు తమాషాగా ఉంది. సందంతా వెనక వరసలో నిలబడింది, నోరు మెదపకూడదని ఆజ్ఞ. మేస్త్రి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మొదట దిగినాయన భుజాన మూట, చంకలో గొడుగు. ఆపి చదవమంటే అనుమానంగా చూశాడు.

"ఎందుకండీ, ఈ బండి మీద కేసేమన్నా ఉందా?"

"ఏమీ లేదు నాయనా. కనబడుతోందో లేదో చెప్పు, చాలు."

"నాలుగు ఏడు ఏడు రెండు. సాక్ష్యానికి మాత్రం రాను," అని వెళ్ళిపోయాడు.

తర్వాత ఒకావిడ నడక ఆపకుండానే చదివింది, ఇంతకీ బహుమతి ఏమిటని అడిగింది. అచ్చులమ్మ టీ ఇప్పించింది. మూడో ఆయన మెల్లగా, ఒక్కో అంకె విడివిడిగా, సంతకం పెడుతున్నంత జాగ్రత్తగా చదివాడు. బావ కళ్ళు చెమర్చాయి. ఎప్పుడూ చూడని మనుషుల నోట తన బండి నంబరు వినడం ఆయనకి అదే మొదటిసారేమో. సీలు పడింది. తనిఖీలో ఇన్‌స్పెక్టరమ్మ గీత దగ్గర నిలబడి ఒక్క ఊపులో చదివేసి, "ఇప్పుడు నాకూ నోటికొచ్చేసింది. ఈ బండికి ఇక నేను పనికిరాను," అని సంతకం చేసింది. సాయంత్రం బావ అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. హారన్ కొట్టబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

సంవత్సరం ఇంకా ముగియలేదు. ఇప్పటిదాకా ఒక్క ప్లేటు కూడా వెనక్కి రాలేదు. ఇన్‌స్పెక్టరమ్మ రెండుసార్లు చెప్పకుండానే వచ్చింది, ఒకసారి టీ కూడా తాగింది. కానీ డిపోలో రోజూ వచ్చేవాళ్ళకి ఆవిడ మెల్లగా అలవాటైపోతోంది. ప్లేటు చూడకముందే పలకరిస్తున్నారు, కుశలాలు అడుగుతున్నారు, నంబర్లు గుర్తుపెట్టుకుంటున్నారు. పరాయివాళ్ళు తగ్గిపోతున్నారని ఆవిడకి అదో దిగులు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ డిపోలో ఎప్పుడైనా బస్సు దిగితే, గేటు దగ్గర మెడలో తాడు వేసుకుని నిలబడే ఆవిడ కోసం ఒకసారి చూడండి. ఎలా ఉందో కనుక్కోండి. ప్లేటు చూపిస్తే మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చదవండి, తెలియకపోతే తెలియలేదనే చెప్పండి, ఆవిడకి కావలసింది అదే. మీ ఇంట్లో పాత కారు ఉంటే, దానికి ఏ రంగు ప్లేటు పెట్టవచ్చో మీ దగ్గరి ఆఫీసులో ఒకసారి అడిగి రండి. వచ్చే దారిలో, మిమ్మల్ని ఎరగని మనిషిని ఎవరినైనా ఆపి, మీ నంబరు చదివించి చూడండి.